రైతు సాయము – దుడ్డు ఎవరి ఖాతాకు పోతుంది?



పోయిన సెలవులకు నేను పుంగనూరు దగ్గర మా తాండాకు పోయినపుడు మా నాయన నన్ను ఒక ప్రశ్న అడిగినాడు. "ఒరేయ్, నువ్వు చదువుకుంటా ఉండావు గదా! చేను దున్నేది నేను. గవర్నమెంటు దుడ్డు మాత్రం భూమి ఆసామి ఖాతాలో పడతా ఉంది. ఎందుకురా?" నాకు జవాబు రాలేదు. సిగ్గయింది. హాస్టలుకు వచ్చినాక సాంఘికశాస్త్రం సారును అడిగి, తెలుసుకొని ఈ వ్యాసము రాస్తున్నాను.

1. సాయము ఎంత?
కేంద్ర ప్రభుత్వము 2019 ఫిబ్రవరి 24న పి.ఎం. కిసాన్ పథకమును ప్రారంభించినది. ఏడాదికి 6,000 రూపాయలు, విడతకు 2,000 చొప్పున మూడు విడతలు. మన రాష్ట్రము అన్నదాత సుఖీభవ పేరుతో 14,000 కలుపుతుంది. మొత్తము 20,000. 2025 ఆగస్టు 2న మొదటి విడతగా రాష్ట్రము 5,000, కేంద్రము 2,000, కలిపి 7,000 వేసినారు. విత్తనాల కాలంలో ఇది చేతిలో ఉంటే శెనక్కాయలు కొనేదానికి వడ్డీకి తెచ్చే బాధ కొంత తగ్గును.

2. ఎవరికి వస్తుంది?
భూమి రికార్డులో పేరు ఉన్నవారికి. పి.ఎం. కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు ఉండవలెను. ఆ తరువాత కొన్న భూమికి రాదు. పెద్దవాళ్లు చనిపోయి వారసులకు వచ్చిన భూమికైతే వస్తుంది. భార్య, భర్త, మైనరు పిల్లలు ఒకే కుటుంబము, ఒక్కరికే సాయము. అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజనులు కూడా అర్హులే.

3. మా గదిలో మూడు ఇండ్లు
(అ) మదనపల్లె వైపు నుంచి వచ్చిన నా స్నేహితుని ఇంట్లో టమోటా పెడతారు. భూమి ఇంకా చనిపోయిన తాత పేరుమీదనే ఉంది. అందుకే రాలేదు.
(ఆ) కుప్పం స్నేహితుని అమ్మానాయన బెంగుళూరుకు కూలికి పోతారు. భూమి పేరుమీదనే ఉంది, కానీ ఇ-కేవైసీ చేయించుకోలేదు. డబ్బు ఆగింది.
(ఇ) మాది కౌలు చేను. పట్టా మాది కాదు.
మూడు ఇండ్లలోనూ చెమట పట్టింది, పంట పండింది. కాగితము ఒక్కటే సరిగా లేదు. నాయన ప్రశ్నకు జవాబు ఇదే: దుడ్డు నాగలి వెంట పోదు, కాగితము వెంట పోతుంది.

4. కౌలుదారుకు దారి లేదా?
పి.ఎం. కిసాన్ కౌలుదారుకు లేదు. అయితే మన రాష్ట్రములో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. ఆసామి, కౌలుదారు 11 నెలలకు ఒప్పందము రాసుకుంటే సాగుదారు కార్డు ఇస్తారు. దానితో పంట రుణము, బీమా, నష్టపరిహారము అడుగవచ్చును. 2019లో మొదలైన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఈ కార్డు చూసే సాయం ఇచ్చినారు.

మా ఆసామి చెడ్డవాడు కాదు. పండుగకు మాకు బియ్యం ఇస్తాడు. కానీ సంతకం అంటే "భూమి పోతుందేమో" అని భయం. ఆ ఒప్పందముతో భూమిమీద ఆసామి హక్కుకు ఏమీ కాదని చట్టములోనే ఉంది. ఈ మాట ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. వచ్చే సెలవుల్లో నేను పోయి చదివి వినిపిస్తాను. ఒప్పుకుంటాడో లేదో చూడాలి.

5. ఇంటిపని (అందరికీ)
• భూమి ఎవరి పేరుమీద ఉందో 1-బి, అడంగల్‌లో చూడండి.
• తాత పేరుమీదనే ఉంటే మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల ధ్రువపత్రముతో పేరు మార్పునకు అర్జీ పెట్టించండి.
• బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందా, ఇ-కేవైసీ అయ్యిందా అడగండి.
• కౌలు అయితే కార్డు సంగతి రైతు సేవా కేంద్రములో అడగండి.

మన అమ్మానాయనలు చాలామంది వేలిముద్ర వేసేవాళ్లే. వాళ్ల కాగితాలు చదవవలసింది మనమే.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థి