డప్పు, హార్మోనియం, కీబోర్డు

ఈ నెల పాఠము వాద్యములను గూర్చినది.

1739లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో నల్లజాతి బానిసలు తిరుగబడిరి. 1740లో చట్టము చేసి వారికి డోళ్లు వాయించుట నిషేధించిరి. వారు తాళమును చప్పట్లలోను పాదములలోను దాచుకొనిరి. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యార్థులు ఆ బానిసల పాటలనే గాత్రశిక్షణతో పాడి, ఊరూరా తిరిగి, తమ విద్యాలయమునకు సొమ్ము కూర్చిరి. తరువాతివారు గుడిలో పియానో, ఆర్గన్ చెవితో విని నేర్చిరి. శిక్షణ మారినను తాళము పోలేదు.

మన డప్పును చట్టము లాగుకొనలేదు. మన పెద్దలే దించిరి. ఒంగోలు ప్రాంతమున 1866 తరువాత బాప్తిస్మము పొందిన మాదిగలు జాతరలో డప్పు కొట్టబోమని ఊరి కోపమునకు గురియైరి. ఆ తెగింపు సరియైనదే. కాని డప్పుతో చేతివిద్య కూడ పోయినది.

గుడియాత్తంలో మా తాత డప్పును సెగకు కాచి రెండు పుల్లలతో వాయించెడివాడట. నాయన హార్మోనియం నేర్చెను. నేను ఉపాధ్యాయ శిక్షణలో స్వరములు వ్రాయుట నేర్చితిని. మనుమడు కీబోర్డు మీట నొక్కును, తాళము దానంతటదే మ్రోగును. వానిని చప్పట్లు కొట్టమంటే తప్పును!

మధురై వేదాంత కళాశాలలో బోధించిన తియోఫిలస్ అప్పావు గారు (1940-2005) పరైను ఆరాధనలోనికి తెచ్చిరి. వేలూరులో మన పిల్లలు ఒకసారి డప్పు తెచ్చినప్పుడు, చావు వాద్యమని బయట పెట్టించినవారిలో నేనును ఒకడను. ఈ క్రిస్మసుకు దానిని నేనే లోపలికి మోయదలచితిని. వాయించువారు తెలిసినచో చెప్పగలరు.