లావోజీ సోమరిపోతు కాదు

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మలుకు,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. చెంగ్డూలో చలి మొదలైందనీ, ఆఖరి సంవత్సరం డాక్టరు చదువు ఊపిరి సలపనివ్వడం లేదనీ, హాస్టల్లో నీ స్నేహితురాలు లావోజీ పుస్తకం చేతిలో పెట్టిందనీ రాశావు. చివర్లో అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "ఏమీ చేయకు, ప్రవాహంతో పో అంటాడు ఈయన. ఇండియాలో రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో మూడొందల ప్రశ్నలు, పాసవ్వాలంటే నూట యాభై కరెక్టు కావాలి. ఈయన మాట వింటే గట్టెక్కుతానా మామయ్యా?"

సరిగ్గా వింటే గట్టెక్కుతావు. రీల్స్‌లో సంతూర్ సంగీతం వెనక వినిపించే లావోజీని నమ్ముకుంటే మాత్రం జూన్ పరీక్ష పోయి డిసెంబరు పరీక్ష వస్తుంది.

ముందు ఆ పుస్తకం సంగతి. అందులో 81 చిన్న అధ్యాయాలు, మొత్తం కలిపి దాదాపు ఐదువేల చైనా అక్షరాలు. లావోజీ చౌ రాజుల దగ్గర గ్రంథాలు చూసుకునే ఉద్యోగి అనీ, దేశం విడిచి పడమటి కనుమ దాటుతుంటే అక్కడి అధికారి అడిగాడని ఈ పుస్తకం రాసిచ్చాడనీ కథ. ఆ కథ చెప్పిన చరిత్రకారుడు సీమా చియెన్‌కే మనిషి ఎవరో తేలలేదు. పుస్తకం ప్రాచీనతకు మాత్రం గట్టి ఆధారం ఉంది. 1993లో హూబెయ్ రాష్ట్రంలో గువోడియన్ దగ్గర క్రీ.పూ. 300 ప్రాంతపు సమాధిలో వెదురు బద్దల మీద రాసిన భాగాలు దొరికాయి. రాజ్యాలు ఒకదాన్నొకటి మింగుతున్న కాలం అది. అందుకే అందులో చాలా మాటలు పాలకుల కోసం చెప్పినవి: పన్నులు, యుద్ధాలు, శాసనాలు మితిమీరితే జనం ఏమైపోతారో అని. రాజ్యం వదిలేసి పడుకోమని ఆయన రాజుకి చెప్పలేదు. అవసరం లేనిచోట వేలు పెట్టొద్దన్నాడు.

దీన్ని కళ్లతో చూడాలంటే నువ్వు అరవై కిలోమీటర్లు ప్రయాణం చేస్తే చాలు. సెలవు దొరికిన రోజు దూజ్యాంగ్‌యెన్ నీటి కట్టడం దగ్గరికి వెళ్లిరా. జీవితమంతా ఇరిగేషన్ శాఖలో కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి కదా, నాకు తెలిసిన భాషలో చెప్తాను.

మన దగ్గర కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరంలో గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టి, నీటిమట్టం పెంచి కాలువల్లోకి మళ్లించాడు. మన డెల్టా అన్నం తింటోందంటే ఆ పుణ్యమే. అంతకు రెండు వేల ఏళ్ల ముందు, క్రీ.పూ. 256 ప్రాంతంలో, మీ సీమకు పాలకుడిగా వచ్చిన లీ బింగ్ ఇంకో దారి పట్టాడు. మిన్ నదికి అడ్డంగా ఆయన ఏమీ కట్టలేదు. నది మధ్యలో చేపమూతిలాంటి దిబ్బ నిలబెట్టి, ప్రవాహాన్ని రెండు పాయలు చేశాడు. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటి పాయ వెడల్పు, మెరక. నీళ్లు తక్కువున్న రోజుల్లో పదింట ఆరు వంతులు లోపలి పాయలోంచి పొలాలకు పోతాయి. వరదొస్తే లెక్క తిరగబడి, ఆరు వంతులు బయటి పాయ మోసుకుపోతుంది. ఎవరూ తలుపులెత్తి దించక్కర్లేదు, నేల వాటమే చూసుకుంటుంది. లోపలి పాయ పక్కన ఎత్తు తక్కువ గట్టు ఒకటుంది. ఎక్కువైన నీళ్లు మలుపు తిరిగే ఊపులో ఇసుకనీ గులకరాళ్లనీ పట్టుకుని దాని మీదుగా పొర్లిపోతాయి. పొలాలకు నీళ్లు వెళ్లడానికి కొండనే తొలిచి ఇరుకు మూతి చేశారు. మందుగుండు లేని రోజులు కాబట్టి, రాతిని మంటతో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారని చెప్తారు. గత శతాబ్దంలో కాంక్రీటూ కొన్ని గేట్లూ చేరినా, ఏర్పాటు అదే. ఇవాళ్టికీ ఆరు లక్షల హెక్టార్లకు పైగా దాని ఆయకట్టు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అక్కడి నిర్వహణ. నీళ్లు తగ్గిన కాలంలో పాయకి అడ్డుకట్ట వేసి, ఎండగట్టి, పూడిక తీయడం తరతరాల ఆనవాయితీ. ఎంత లోతు తీయాలో తెలియడానికి అడుగున ఇనుప కడ్డీలు పాతిపెట్టారు. అవి బయటపడేదాకా తవ్వాల్సిందే. గట్టు ఎత్తు మాత్రం పెంచరు. మనమూ వేసవిలో కాలువలు కట్టేసి పూడికా గుర్రపుడెక్కా తీస్తాం. ఆ పని సరిగ్గా జరగని ఏడు అందరికీ తోచే ఉపాయం ఒకటే, గట్టు మీద ఇంకో రెండు బుట్టల మట్టి వేయడం. అడుగు మెరకెక్కుతుంది, మట్టం పైకి లేస్తుంది, గట్టు మీద బరువు పెరుగుతుంది. చివరికి ఏ అర్ధరాత్రో గండి పడుతుంది.

లీ బింగ్ తావోవాది, అంటే లావోజీ చెప్పిన తావో దారిలో నడిచినవాడు, అని నేననను. ఆయన చిన్ రాజ్యం పంపిన అధికారి, అంతే. తర్వాతి జనం ఆయన్నీ కొడుకునీ దేవుళ్లను చేసి ఆ ఒడ్డునే గుడి కట్టారు. ఆ అర్‌వాంగ్ గుడి తావో మతం వాళ్లది. పక్కనున్న చింగ్‌చెంగ్ కొండ మీద క్రీ.శ. 2వ శతాబ్దంలో జాంగ్ దావోలింగ్ తావో మతాన్ని బోధించాడంటారు. యునెస్కో 2000లో ఆ కొండనీ ఈ నీటి కట్టడాన్నీ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. నువ్వూ కలిపే చూడు.

ఇక నీ దగ్గరికొస్తాను. నీ దినచర్య రాశావు. అందులో నాకు కనిపించిందంతా గట్టు పెంచడమే. ఒక కోచింగ్ యాప్ చాలదని రెండోది కొన్నావు, సీనియర్ల నోట్సు మూడు రకాలు పోగేశావు, నిద్రలో రోజుకో గంట కోసేశావు. అడుగున పేరుకున్నది అలాగే ఉంది. రెండో ఏడాదిలో అర్థం కాక దాటేసిన ఫిజియాలజీ, ప్రాక్టీసు పరీక్షల్లో మళ్లీ మళ్లీ తప్పుతున్న ప్రశ్నలు, ఎవరికెన్ని మార్కులొచ్చాయో లెక్కపెట్టే వాట్సాప్ గ్రూపులు. ఎక్కువ చేస్తున్నకొద్దీ తక్కువ నిలుస్తోందని నువ్వే రాశావు. కారణం ఇదే.

కాబట్టి ఆదివారం కొత్త అధ్యాయం తెరవకు. ఆ రోజు పూడిక తీతకే. వారమంతా తప్పిన ప్రశ్నలు ముందేసుకుని ఎక్కడ తప్పావో అక్కడిదాకా తవ్వు. అడుగు తగిలిందని ఎలా తెలుస్తుంది? పుస్తకం మూసి, జూనియర్ అమ్మాయికి నీ మాటల్లో చెప్పగలిగితే కడ్డీ బయటపడినట్టే. అవసరం లేని గ్రూపుల్లోంచి ఇవాళే బయటికి వచ్చేయ్. చదువుకి రోజూ ఏదో చేర్చుకోవాలని లావోజీకీ తెలుసు. తావో దారికి మాత్రం రోజూ ఏదో తగ్గించుకోవడం కావాలన్నాడు. నీకు ఈ ఏడాది రెండూ కావాలి.

పని తేలిగ్గా సాగడమంటే ఏమిటో తెలియాలంటే అదే తావో దారిలోని ఇంకో పెద్దాయన జువాంగ్‌జీని చదువు. ఆయన పుస్తకంలో డింగ్ అనే వంటవాడి కథ అనాటమీ చదివినదానివి కాబట్టి నీకు ఇట్టే పడుతుంది. అతను ప్రభువు ముందు ఎద్దును కోస్తుంటే నాట్యం చేసినట్టుంటుంది. 19 ఏళ్లుగా అదే కత్తి, వేల ఎద్దులు కోసినా అంచు అరగలేదు. కీళ్ల మధ్య సందు ఎక్కడుందో అక్కడే కత్తి పోనిస్తాడు, ఎముక జోలికి వెళ్లడు. రీల్స్ వాళ్లు ఇక్కడే ఆపేస్తారు. తర్వాత వచ్చే రెండు సంగతులు నీకు ముఖ్యం. మొదట్లో తనకు ఎద్దు తప్ప ఏమీ కనిపించలేదనీ, మూడేళ్ల పని తర్వాతే చూపు మారిందనీ అతనే చెప్తాడు. చిక్కు ముడి ఎదురైనప్పుడల్లా జాగ్రత్తపడి, చూపు నిలిపి, నెమ్మదించి, కత్తిని రవ్వంత మాత్రమే కదుపుతాడు. తేలిక అనేది సాధన చివర వచ్చేది. కష్టమైన చోట వేగం తగ్గించడం అందులో భాగం. సర్జరీ వార్డులో నిలబడ్డప్పుడు ఈ వంటవాణ్ణి తలుచుకో.

మీ వృత్తిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. టూ యూయూ పేరు నీకు తెలిసిందే. మలేరియాకి మందు వెతుకుతూ ఆమె బృందం చింగ్‌హావ్ అనే మాచిపత్రి జాతి మొక్కను పరీక్షించింది. ఫలితం ఒకసారి వస్తే ఇంకోసారి రాలేదు. 4వ శతాబ్దపు తావో సాధకుడు గె హోంగ్ రాసిన అత్యవసర చికిత్సల పుస్తకంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి గుణం చెడుతోందేమోనని ఆమె 1971లో తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. అది పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. ఇవాళ మన రంపచోడవరం ఏజెన్సీలో మలేరియా రోగికి ఇచ్చే మందుల్లో ఆ కుటుంబానివి ఉన్నాయి. మంట తగ్గించడమూ ఒక పనే, కాకపోతే అది తట్టడానికి ఆవిడ పాత పుస్తకాలన్నీ తిరగేయాల్సి వచ్చింది.

అలాగని తావో పేరుతో వచ్చిన ప్రతిదాన్నీ కళ్లకద్దుకోకు. చావు లేకుండా చేస్తాయని పాదరసపు గుళికలు మింగిన టాంగ్ చక్రవర్తులు ఉన్నారు. 846లో వూజోంగ్ అలాగే పోయాడు. డాక్టరువి అవుతున్నావు, అమృతం అమ్మేవాడు ఏ దేశంవాడైనా దూరంగా పెట్టు.

2021 నుంచి అక్కడి కుర్రాళ్లు అంటున్న తాంగ్‌పింగ్, అంటే నేలమీద వెల్లకిలా పడుకోవడం, దాని గురించి కూడా అడిగావు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు పనిచేయించే కంపెనీల మీద కోపం అది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని అదే ఏడు ఆగస్టులో అక్కడి సుప్రీం పీపుల్స్ కోర్టే చెప్పింది. వాళ్ల కోపం న్యాయం. దాన్ని లావోజీకి అంటగట్టడం మాత్రం న్యాయం కాదు. పని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకో, మొదట్లో ఎంత శ్రద్ధ పెట్టావో చివర్లోనూ అంతే పెట్టు అనే మనిషి పడుకోమంటాడా?

మీ అమ్మ "మన గీత చాలదా, చైనా వేదాంతం దేనికి?" అంటుందని నాకు తెలుసు. మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లిన హ్యుయెన్‌త్సాంగ్‌కే 647లో టాంగ్ చక్రవర్తి లావోజీని సంస్కృతంలోకి మార్చే పని అప్పగించాడనీ, ఆ పుస్తకం అడిగింది మన కామరూప రాజేననీ చెప్పు. ఆ పుస్తకం మీద మనసుపడ్డ మనవాళ్లలో నువ్వు మొదటిదానివి కాదు.

రోజూ చేయదగ్గది ఒక్కటి చెప్తాను. పొద్దున్నే ఏ పార్కుకైనా వెళ్లి, తైజీ చేసే పెద్దవాళ్ల వెనక వరుసలో నిలబడు. 1956లో సులువుగా కూర్చిన 24 భంగిమల వరస చాలు. భాష పెద్దగా అక్కర్లేదు, వాళ్లే చేయి పట్టుకుని దిద్దుతారు. అయ్యాక కాసేపు ఫోను లేకుండా కూర్చో. ఆలోచనలు వస్తే రానీ, పోతే పోనీ. దీన్నుంచి మహిమలేమీ ఆశించకు. మొదటి క్లాసులో తల బరువు తగ్గితే అదే పదివేలు.

వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టు. నెల తర్వాత ఏం తీసేశావో, ఏం మిగిలిందో నాకు రాయి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పరీక్ష అయ్యేదాకా ఏడు గంటల నిద్రకి తగ్గావని తెలిస్తే ఊరుకోను. ఇది లావోజీ మాట కాదు, మీ మామయ్య ఆజ్ఞ.

ఆశీస్సులతో,
నీ మామయ్య