ఇల్లు తరలించు వేళ

ట్రాఫిక్, ఖరగ్‌పూర్.

చిరంజీవియగు మేనల్లుని ఆశీర్వదించి మేనమామ వ్రాయునది.

బావగారి పదవీవిరమణము సమీపించినదనియు, రైల్వే క్వార్టరునందలి సామానంతయు విశాఖపట్టణమునకు తరలించుటకై నీవు నీవున్న ఊరినుండి ఫోనుమీదనే పలువురు ప్యాకర్సువారి ధరలు కనుగొని, అందఱికంటె తక్కువ చెప్పినవానికి బయానా పంపనెంచితివనియు అక్కయ్యవలన వింటిని. ఆ బయానా ఇప్పుడే పంపవలదు.

రెండు గదుల కాపురమని విని ధర చెప్పినవానికి ఆ రెండు గదులలో ఏమున్నదో తెలియదు. శ్రీకాకుళము, విశాఖ సీమలనుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారమున కొలువునకై వచ్చిన మన పెద్దలు వెంట తెచ్చుకొనిన రోలును, తిరుగలియు, ఇత్తడి గంగాళములును, అటుపై తరతరములవారు చేర్చిన బీరువాలును, పందిరి మంచమును, అటకపై పెట్టెలును చూడనివాడు లారీని వాకిట నిలిపిన పిదప ఇంత సరుకని మీరు చెప్పలేదని ధర పెంచును. సగము సామాను వీథిలో నుండగా మీ నాయనగారు కాదనజాలరు. కావున ఇంటికి వచ్చి, ప్రతి గదియు చూచి, అటక సైతము ఎక్కి వ్రాసికొనువానితోనే బేరమాడుము. ఖరగ్‌పూరునందలి మథురాకాటిలోను, నింపురాలోను ఇటీవల విరమించి ఆంధ్రదేశమునకు మరలిన కుటుంబములవారిని, సామాను ఎవరిద్వారా చెక్కుచెదరక చేరినదో అడిగి తెలిసికొనుము. తొందర యేల? విరమణానంతరము కోరినచో నాలుగు నెలలు మామూలు అద్దెపైననే క్వార్టరు ఉంచుకొనవచ్చును గదా.

ఇక కాగితముల మాట. ఇందు నీవు ఏమాత్రము మొగమోటపడరాదు. 1865 నాటి పాత చట్టము స్థానమున వచ్చిన 2007 నాటి రహదారి రవాణా చట్టము ననుసరించి, సరుకు విలువను ముందుగా ప్రకటించి అధిక రుసుము చెల్లించిననే తప్ప, నష్టము వాటిల్లినపుడు రవాణాదారుని బాధ్యత కిరాయికి పదిరెట్లకు మించదు. అనగా ముప్పదివేల కిరాయికి మూడు లక్షలే పరిమితి. దావా వేయదలచినచో బుకింగు నాటినుండి 180 దినములలోపల నోటీసు ఈయవలెను. లారీ రసీదుతోపాటు, ఒక్కొక్క వస్తువు పేరును, దానిపై నిదివఱకే యున్న గీతలు, సొట్టలును వ్రాసిన పట్టికపై ఇరువురును సంతకము చేయవలెను. పట్టికలో లేని గంగాళము పోయినచో అది యింటనుండి బయలుదేరినదని ఎట్లు ఋజువు చేయుదువు? ఒడిశా సరిహద్దున పన్నని త్రోవలో సొమ్మడిగినచో ఈయకుము. వాడుకలోనున్న గృహోపకరణములకు ఈ-వే బిల్లు అవసరమే లేదు. ప్యాకర్సువారి సేవపై జీఎస్టీ వేఱు. అది ధరలో కలిసినదో లేదో ముందే వ్రాయించుకొనుము.

బాలేశ్వరము, కటకము, బరంపురము, ఇచ్ఛాపురముల మీదుగా పోవు ఆ రహదారిలో సామాను మఱియొక లారీకి మార్చరాదనియు, నడుమ గిడ్డంగిలో దింపరాదనియు షరతు పెట్టుము. పగులుట యధికముగా మార్పిడియందే జరుగును. అక్టోబరు మాసమున మాత్రము బయలుదేరనీయకుము. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురమువద్దను, 2014లో హుద్‌హుద్ విశాఖవద్దను, 2018లో తిత్లీ పలాసవద్దను తీరము దాటినవి. మూడును అక్టోబరు 11, 12 తేదీలలోనే! దుర్గాపూజల దినములలో ఇచ్చట కూలీలు దొరకుటయు దుర్లభము.

పింఛను పత్రములు, బంగారము, చదువుల పట్టాలు అక్కయ్య చేతి సంచిలోనే యుండవలెను. గ్యాసు సిలిండరు ఏజెన్సీకి అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. ఫ్రిజ్జును ముందునాడే ఆపి ఆరనీయవలెను.

సరుకెత్తువారి విషయమున నాకొక కోరిక కలదు. ఆ రోలును, ఆ బీరువాలను మోయునది బేరమాడిన యజమాని కాదు, వారే. ప్రొద్దుటనే వచ్చినవారికి టిఫిను, మధ్యాహ్నము భోజనము మనయింటనే పెట్టింపుము. అన్నా, భాయ్ అని పిలిచి, ఏది పగులునదో, ఏది అమ్మమ్మ నాటిదో దగ్గఱనుండి చెప్పుము. కిరాయిలో మాత్రము బయానాగా కొంతయే యిచ్చి, గణనీయమగు భాగము విశాఖలో పట్టికతో సరిచూచుకొనిన పిదపనే చెల్లింపుము.

ఇల్లు చూడ వచ్చువాని దినము నిశ్చయమైన వెంటనే నాకు తెలుపుము. నీవు రాలేకున్నను నేను పోయి దగ్గఱనుండి పట్టిక వ్రాయింతును.

ఇట్లు,
నీ మేనమామ