సారువపై పనివాడు: పంచాయతీ చేయదగిన పని

విశాఖపట్టణము జిల్లా ఆనందపురము పూల బజారునకు పేరుపొందినది. 16వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కనున్న యీ ప్రాంతమున పూలమళ్ళ సరసనే నేడు మేడలు లేచుచున్నవి. మేడలనిన పెక్కు రెండంతస్తులవే. ఇంత తక్కువ యెత్తునుండి పడినచో ప్రాణభయము లేదని పలువురు తలంతురు. అది సరికాదు. 3 మీటర్లు, అనగా సుమారు 10 అడుగుల యెత్తునుండి జారినవాడు ఒక సెకను గడువక మునుపే నేలను తాకును. అప్పటికి అతని వేగము గంటకు 27 కిలోమీటర్లు దాటియుండును. దేనినైనను పట్టుకొనుటకు వ్యవధి యుండదు.

తాపీపనివారు సరుగుడు కర్రల సారువపై నిలుతురు. త్రాళ్ళు వదులైనను, నిలుచు బల్ల యొక్కటే యైనను అపాయమే. బల్లలు ఎడములేక పరచి, వెలుపలి అంచున 90 సెంటీమీటర్లకు తగ్గని యెత్తున అడ్డుకర్ర కట్టవలెను. కుళాయి పనివాని సంగతి వేరు. గంట పనికి సారువ యెందుకని అతడు ఒక చేత గొట్టము, మరియొక చేత పానా పట్టుకొని నిచ్చెన యెక్కును. సామాను త్రాటితో పైకి లాగుకొనవలెను. 4 అడుగుల యెత్తునకు 1 అడుగు చొప్పున నిచ్చెన మొదలు గోడకు ఎడముగా నుండవలెను. కొన, దిగు చోటికి మీటరు పైకి రావలెను. గొట్టము దించుటకు శ్లాబులో విడిచిన కంతను సిమెంటు సంచితో కప్పు అలవాటు మిక్కిలి చెడ్డది. సంచి నేలవలెనే కనిపించును. గట్టి పలక వేసి మేకులు కొట్టవలెను.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము 10 మందికి తక్కువ పనివారున్న పనులకు వర్తింపలేదు. 2025 నవంబరు 21న దాని స్థానమున కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. చిన్న పనుల మినహాయింపు వానిలోను కలదు. కావున చిన్న యింటి సారువను చూచువారు గ్రామములోనివారే. ఇంటి ప్లాను పంచాయతీకి వచ్చిననాడే సారువ, అడ్డుకర్రల మాట యజమానిని అడుగవచ్చును. పంచాయతీ నీటిట్యాంకు మరమ్మతునకు మనిషిని ఎక్కించునపుడు ఆ యజమాని పంచాయతీయే యని మరువరాదు.

గడచిన 12 నెలలలో 90 దినములు నిర్మాణపు పని చేసిన, 18 నిండి 60 నిండని కార్మికుడు సంక్షేమ మండలిలో నమోదు కాదగును. ప్రమాదము జరిగిన పిమ్మట కుటుంబము ఈ కార్డుకై వెదకుకొనుట కంటె ముందే వార్డు సభ్యులు పేర్లు వ్రాయించుట మేలు.

పడినవానిని చేతులు కాళ్ళు పట్టి లేవనెత్తరాదు, ఆటోలో కూర్చుండబెట్టరాదు. వెన్నెముక విరిగియున్నచో కదలికతో నరములు తెగి కాళ్ళు చచ్చుపడవచ్చును. తల, మెడ కదలకుండ పట్టి, 108కి ఫోను చేసి, వాహనము వచ్చువరకు అచ్చటనే యుంచవలెను.