ఎడారి దారిలో నీటి లెక్క

మీ అట్లాసులో అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం తెరవండి. పడమటి తీరాన లాస్ ఏంజిలిస్ నగరం కనిపిస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా సుమారు 225 కిలోమీటర్లు వెళితే జాషువా ట్రీ జాతీయ ఉద్యానవనం వస్తుంది. ఉత్తరంగా మొహావీ ఎడారి దాటితే డెత్ వ్యాలీ. తర్వాత తూర్పుకు తిరిగితే జయాన్, అక్కడి నుంచి దక్షిణానికి వస్తే గ్రాండ్ కాన్యన్. కాలిఫోర్నియాలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక మీ బాబాయో, మామయ్యో ఈ దారిన కారులో వెళ్ళే ఉంటారు. ఈసారి ప్రయాణ పథకం మీరే వేయాలనుకోండి. దూరం, పెట్రోలు, బస ఖర్చు అన్నీ లెక్క కట్టాల్సినవే. కాని అన్నిటికంటే ముందు కట్టవలసింది నీటి లెక్క.

ఉద్యానవనం అన్నారు కదా అని పూలమొక్కలూ బెంచీలూ ఊహించుకోకండి. డెత్ వ్యాలీ ఒక్కటే 13 వేల చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. మన పూర్వపు గుంటూరు జిల్లా కంటే పెద్దది! అందులో ఏడాది మొత్తానికి కురిసే వాన దాదాపు 5 సెంటీమీటర్లు. పసిఫిక్ సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలులు సియెర్రా నెవాడా వంటి పర్వతాలను ఎక్కేటప్పుడే చల్లబడి వాన కురిపించేస్తాయి. అవతలికి దిగేది పొడిగాలి. పడమటి కనుమల చాటున అనంతపురానికి వానలు తగ్గడం కూడా ఇలాంటిదే. అయితే అనంతపురంలో కురిసే దానిలో పదోవంతు కూడా డెత్ వ్యాలీకి దక్కదు.

ఈ పొడిగాలిలోనే అసలు ప్రమాదం ఉంది. మే నెలలో కాకినాడలోనో, మచిలీపట్నంలోనో నాలుగడుగులు వేస్తే చొక్కా తడిసిపోతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆవిరి కాదు. ఎడారిలో చెమట పట్టిన మరుక్షణమే ఆవిరైపోతుంది. చర్మం పొడిగానే ఉంటుంది. అందువల్ల ఒంట్లో నీరు ఎంత పోయిందో మనిషికి తెలియదు. దాహమైనా వెంటనే హెచ్చరిస్తుందా అంటే, అదీ ఆలస్యంగానే వస్తుంది. కాబట్టి ఒంటి మాట నమ్ముకోకుండా లెక్కనే నమ్మాలి.

ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడిని తీసుకుంటుంది. (మీరు బడిలో చదివిన 540 మరిగే నీటికి వర్తిస్తుంది. అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉన్న నీటికి కొంచెం ఎక్కువ కావాలి.) మామూలుగా నడిచే మనిషి శరీరంలో గంటకు రెండున్నర లక్షల కెలోరీల వేడి పుడుతుందనుకోండి. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి 45 డిగ్రీలుంటే అది మన వేడిని తీసుకోకపోగా, తన వేడినే మనకు ఇస్తుంది. ఎండా, కాలే నేలా కూడా ఇస్తాయి. అలా వచ్చే వేడి మరో రెండున్నర లక్షలు అనుకుందాం. మొత్తం ఐదు లక్షలను 580తో భాగించండి. దాదాపు 860 గ్రాములు వస్తుంది. అంటే గంట నడకకు లీటరుకు కాస్త తక్కువ!

కారులో కూర్చొని అక్కడక్కడా దిగి చూసేవారికైనా రోజుకు మనిషికి కనీసం 4 లీటర్లు కావాలి. నలుగురికి, మూడు రోజులకు 48 లీటర్లు. దారిలో చిక్కుకుపోతే ఉండాలని ఇంకో రోజుకు 16. మొత్తం 64 లీటర్లు, అంటే 64 కిలోలు. కారులో ఐదో మనిషి ఎక్కినట్టే! ఈ నీటిని ఒకే డబ్బాలో పోయకండి. డబ్బా చిల్లిపడితే అంతా పోతుంది. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఉప్పు వేసిన చిరుతిళ్ళు కూడా పెట్టుకోండి. జాషువా ట్రీ లోపల చాలాభాగంలో నీరు దొరకదు, పెట్రోలు అసలే దొరకదు.

డెత్ వ్యాలీలో 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది. ఆ కొలతను కొందరు శాస్త్రజ్ఞులు శంకిస్తున్నారు. కాని ఈ కాలంలో కూడా అక్కడ 53, 54 డిగ్రీలు నమోదవుతూనే ఉన్నాయి. 2024 జూలైలో మోటారు సైకిళ్ళ మీద వెళ్ళిన ఆరుగురిలో ఒకరు వడదెబ్బకు చనిపోయారు. ఆ రోజు 53 డిగ్రీలు దాటింది. వైద్య హెలికాప్టరు రాలేకపోయింది. ఎందుకో ఆలోచించండి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలి సాంద్రత నూటికి 11 వంతులు తక్కువ. పలచని గాలిలో రెక్కలు ఎంత తిరిగినా తగినంత ఎత్తుడు బలం రాదు. సహాయం అత్యవసరమైన వేళకే ఆ సహాయం రాలేదన్నమాట! చాలాచోట్ల ఫోను కూడా పనిచేయదు. కాబట్టి కాగితం పటం దగ్గర ఉండాలి. కారు ఆగిపోతే దాన్ని వదిలి నడిచి పోకూడదు. వెతికేవారికి మనిషి కంటే కారు ముందు కనబడుతుంది.

ఇంత ఎండిన చోట వరదలేమిటని మీరు నవ్వవచ్చు. 2022 ఆగస్టు 5న డెత్ వ్యాలీలో ఒక్కరోజే 37 మిల్లీమీటర్ల వాన పడి రోడ్లు తెగాయి, దాదాపు వెయ్యిమంది చిక్కుకున్నారు. మొక్కలు లేని గట్టి నేల నీటిని పీల్చుకోలేదు. వాన అంతా ఒక్కసారిగా పల్లానికి పరుగెత్తుతుంది. 2015 సెప్టెంబరులో జయాన్‌లోని ఒక ఇరుకు లోయలో ఇలాంటి వరదకు ఏడుగురు బలైపోయారు. మీ తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన మీ మీదికి రావచ్చు.

ఇక కాలం. వేసవి వద్దు. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో ఆ అంచు మీద మంచు పేరుకుంటుంది. అందువల్ల మార్చి, ఏప్రిల్ నెలలు గాని, అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకు గాని మంచివి. అప్పుడైనా నూలుచొక్కా, ఉన్ని కోటు రెండూ ఉండాలి.

చివరగా ఒక లెక్క మీరే చేయండి. గ్రాండ్ కాన్యన్ అంచు 2,100 మీటర్ల ఎత్తున, అడుగున నది 750 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కిలోమీటరు దిగితే 8 డిగ్రీలు పెరుగుతుందనుకుందాం. అంచు మీద 30 డిగ్రీలుంటే నది దగ్గర ఎంత? సుమారు 41 వచ్చిందా? ఇప్పుడు ఇంకోటి గమనించండి. కొండ ఎక్కేవాడు బలం ఉన్నప్పుడు ఎక్కి, అలసిపోయాక దిగుతాడు. ఇక్కడ తలకిందులు! చల్లటి ఉదయాన హాయిగా దిగుతారు, అలసిపోయాక మధ్యాహ్నపు ఎండలో ఎక్కాలి. అందుకే నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని అక్కడి అధికారులు చెబుతారు. మీ పథకంలో ఆ రోజుకు నడక ఎక్కడ ఆపి వెనక్కి తిరగాలో ముందే పటం మీద గుర్తు పెట్టండి.