గాయపు గొట్టము - స్నానము

శస్త్రచికిత్స జరిగినచోట లోపల నెత్తురును నీరును నిలిచినయెడల గాయము త్వరగా మానదు, చీము పట్టవచ్చును. అందుచేత వైద్యులు కొన్ని చికిత్సలలో సన్నని గొట్టమును లోపల నుంచి, వెలుపలి కొనను సంచికో బుడ్డికో తగిలింతురు. ఇది క్రొత్త విద్య కాదు. 1871లో జోసెఫ్ లిస్టరు విక్టోరియా రాణి చంకలోని కురుపునకు రబ్బరు గొట్టమునే అమర్చెను. నేడు రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగిన స్త్రీలు పలువురు ఇట్టి గొట్టముతోనే ఇల్లు చేరుచున్నారు.

చర్మము మన దేహమునకు కోటగోడ. గొట్టము దానిని దాటుచోట వాకిలి తెరచియున్నట్లే. కట్టు తడిసినచో ఆ తడి వెంట సూక్ష్మక్రిములు లోనికి పోగలవు.

మా అమ్మగారు గొట్టముతో ఇంటికి వచ్చినపుడు ఆసుపత్రివారు తమిళమున అచ్చువేసిన కాగితము నొకదానిని ఇచ్చిరి. నేను ఆంధ్రదేశమున చదువుకొన్నవాడను. తమిళము మాటాడగలను గాని చదువలేను. కాగితమును మడచి బీరువాలో పెట్టితిని. నేను బడిలోనున్న వేళ ఆమె నూనె రాచుకొని తలంటిపోసికొనెను. మూడవనాటికి జ్వరము వచ్చి, మరల ఆసుపత్రికి పోవలసివచ్చెను.

విద్యార్థులారా, మీరు తమిళమును చదువగలవారు. మీ యింటికి ఇట్టి కాగితము వచ్చినచో పెద్దలకు చదివి వినిపింపుడు.

వైద్యుడు అనుమతించువరకు స్నానము వలదు, తడిగుడ్డతో ఒళ్లు తుడిచిన చాలును. అనుమతించిన పిమ్మట షవరు కంటె మన బకెట్టు, చెంబు మేలు. నీరు ఎచటికి పోవునో మన చేతిలో నుండును. రోగిని ముక్కాలిపీటపై కూర్చుండబెట్టి, రొమ్ముమీది గాయమైనచో నడుము క్రిందికే నీరు పోసి, పైభాగమును తుడువవలెను. తల కడుగవలెనన్న, ముందునకు వంచి మరియొకరు పోయవలెను. కట్టుకంటె అన్నివైపుల నాలుగంగుళములు పెద్దదైన శుభ్రమగు ప్లాస్టిక్ కాగితమును కప్పి, నాలుగంచులను టేపుతో అంటింపవలెను. చర్మముపై నూనెగాని చెమటగాని యున్నచో టేపు నిలువదు. చెన్నపట్టణపు ఎండలలో ముందుగా పొడిగుడ్డతో అద్దుట మరువరాదు. సంచిని వ్రేలాడనీయక మెడలోని నాడాకు కట్టవలెను; అయినను అది గాయముకంటె దిగువనే యుండవలెను.

స్నానానంతరము కట్టును తాకి చూడుడు. తడిసినచో నర్సు నేర్పిన విధమున చేతులు కడుగుకొని వెంటనే మార్చవలెను. నేర్పనిచో ఆసుపత్రికే పోవలెను. పసుపు పూయరాదు. జ్వరము, ఎరుపు, దుర్వాసన కలిగినను, గొట్టము జారినను ఆనాడే వైద్యునికి చూపవలెను.

అమ్మగారు రెండవమారు ఇంటికి వచ్చినపుడు మా వీధిలోని ఎనిమిదవ తరగతి బాలిక ఆ కాగితమును తెలుగున వ్రాసియిచ్చెను. దానిని స్నానపుగది తలుపునకు అంటించితిమి.