ట్రియెస్టె ఓడలు

ఉద్దేశం

ఒక నౌకాయాన సంస్థ వృద్ధి క్షయాల ద్వారా ఒకటిన్నర శతాబ్దపు ప్రపంచ చరిత్రను పరిచయం చేయడం, ప్రయాణ సాధనాలకూ మానవ జీవితాలకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రాజుల చరిత్రను శాసనాలు చెబుతాయి. సామాన్యుల చరిత్రను తెలుసుకోవాలంటే మాత్రం వారు నడచిన దారులను, దాటిన రేవులను, ఎక్కిన ఓడలను పరిశీలించాలి. విమానయానం సర్వసాధారణం కాని రోజుల్లో ఖండాంతరాలకు వెళ్ళదలచిన వారికి ఓడ తప్ప మరొక ఆధారం లేదు. విద్యార్థి, వ్యాపారి, సైనికుడు, దేశభక్తుడు, నిర్వాసితుడు అందరూ ఒకే నిచ్చెన మీదుగా ఓడలోకి ఎక్కేవారు. అలాంటి ఎందరినో గమ్యం చేర్చిన సంస్థ ఇటలీ దేశపు ‘లాయిడ్ ట్రియెస్టీనో’.

ఏడ్రియాటిక్ సముద్రపు ఉత్తరపు కొసన ట్రియెస్టె నగరం ఉంది. నేడది ఇటలీలో భాగమైనా, 1918 వరకు శతాబ్దాల తరబడి ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. సముద్రతీరం తక్కువగా గల ఆ సామ్రాజ్యానికి ట్రియెస్టె ప్రధానమైన రేవు. 1719లో దానిని సుంకాలు లేని స్వేచ్ఛా నౌకాశ్రయంగా ప్రకటించడంతో ఇటాలియన్లు, జర్మన్లు, స్లోవీన్లు, గ్రీకులు, యూదులు అక్కడికి చేరి వర్తకం సాగించారు.

ఆ వర్తకులు 1833లో ‘ఆస్ట్రియన్ లాయిడ్’ అనే సంస్థను నెలకొల్పారు. తొలుత దానికి ఓడలు లేవు. ఏ రేవుకు ఏ ఓడ చేరింది, ఏది తుపానులో చిక్కుకుంది మొదలైన వార్తలను సేకరించి వర్తకులకూ బీమాదారులకూ అందించడమే దాని పని. లండనులోని లాయిడ్స్ సంస్థ దానికి ఆదర్శం. వార్తలు త్వరగా రావాలంటే గాలివాటును నమ్ముకున్న తెరచాప ఓడలు చాలవనీ, వేళ తప్పక నడిచే ఆవిరి ఓడలు కావాలనీ గుర్తించిన సంస్థ 1836లో నౌకాయాన విభాగాన్ని ఆరంభించింది. తరువాతి కాలంలో ఆస్ట్రియా ఆర్థికమంత్రి అయిన కార్ల్ లుడ్విగ్ ఫాన్ బ్రుక్ దీనికి ప్రధాన ప్రేరకుడు. 1837లో ‘అర్చిదూక లుదోవీకొ’ అనే తొలి ఓడ కాన్‌స్టాంటినోపుల్‌కు బయలుదేరింది.

1869లో సూయెజ్ కాలువ ప్రారంభం కావడం సంస్థ చరిత్రలో పెద్ద మలుపు. అంతకుముందు ఐరోపా నుండి భారతదేశానికి రావలసిన ఓడ ఆఫ్రికా ఖండాన్నంతటినీ చుట్టి రావలసి ఉండేది. లేదా ప్రయాణికులు ఈజిప్టులో దిగి, భూమార్గాన ఎర్రసముద్రం చేరి, అక్కడ మరొక ఓడ ఎక్కేవారు. కాలువ వలన ట్రియెస్టెకు కలిగే మేలును ముందుగా ఊహించిన వారిలో ఆ నగర వర్తకుడు పస్క్వాలె రెవొల్తెల్లా ముఖ్యుడు. ఆయన సూయెజ్ కాలువ సంస్థకు ఉపాధ్యక్షుడు కూడా. అయితే కాలువ ప్రారంభానికి రెండు నెలల ముందే ఆయన మరణించాడు. ఆయన చూడలేకపోయిన దారి వెంట లాయిడ్ ఓడలు బొంబాయికి, ఆ పిమ్మట తూర్పు ఆసియా రేవులకు సాగాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా ఓడిపోయింది. సామ్రాజ్యం విచ్ఛిన్నమై, ట్రియెస్టె ఇటలీ వశమైంది. 1919లో సంస్థ ‘లాయిడ్ ట్రియెస్టీనో’ అనే పేరు పొందింది. ఓడల మీది జెండా మారినా అవి నడిచే దారులు మాత్రం మారలేదు.

ఈ సంస్థ ఓడలకు మన దేశచరిత్రతో సన్నిహితమైన సంబంధం ఉంది. బొంబాయిలో ఓడ ఎక్కి వెనిస్ లేదా జెనోవాలో దిగి, అక్కడి నుండి రైలులో ఐరోపా నగరాలకు చేరడం ఆనాటి భారతీయులకు అనువైన మార్గం. 1930 జూలై 31న ‘పిల్స్నా’ అనే ఓడలో పందొమ్మిదేండ్ల మద్రాసు విద్యార్థి ఒకడు కేంబ్రిడ్జి చదువుకు బయలుదేరాడు. దారిలో అతడు నక్షత్రాల అంతిమదశను గురించి గణించసాగాడు. ఇంధనం తరిగిన నక్షత్రం శ్వేత కుబ్జంగా మిగలాలంటే దాని ద్రవ్యరాశికి ఒక హద్దు ఉండాలని ఆ లెక్కలు సూచించాయి. ఆ విద్యార్థే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ హద్దును నేడు ‘చంద్రశేఖర్ అవధి’ అంటారు. 1983లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మరుసటి సంవత్సరమే మహాత్మాగాంధీ రెండవ రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకొని, ఇటలీలోని బ్రిందిసి రేవులో అదే ‘పిల్స్నా’ ఎక్కారు. 1931 డిసెంబరు 28న బొంబాయిలో దిగిన ఆయనను వారం రోజులకే ప్రభుత్వం నిర్బంధించింది. 1933లో అనారోగ్యంతో ఉన్న సుభాష్ చంద్రబోస్ ‘గాంజె’ ఓడలో ఐరోపాకు వెళ్ళారు. ఇటాలియన్ భాషలో గంగానదికి గల పేరు అది. తిరిగి వస్తే నిర్బంధం తప్పదని ప్రభుత్వం హెచ్చరించినా లెక్కచేయక, 1936 ఏప్రిల్‌లో ‘కొంతె వెర్దె’ ఓడలో ఆయన బొంబాయి చేరారు. రేవులోనే ఆయనను అరెస్టు చేశారు.

ఆ ‘కొంతె వెర్దె’ రెండేండ్ల తరువాత మరికొందరి పాలిట ప్రాణనౌక అయింది. హిట్లర్ పాలనలోని జర్మనీ, ఆస్ట్రియాలలో యూదులపై అత్యాచారాలు పెచ్చుమీరాయి. పారిపోదామంటే చాలా దేశాలు వారికి తలుపులు మూశాయి. ప్రవేశానుమతి పత్రం లేకుండానే దిగగలిగిన రేవు చైనాలోని షాంఘై. 1938 నుండి 1940 వరకు వేలాది యూదులు ఉన్న ఊరిని, ఆస్తిని వదలి, ఇటలీ రేవులకు వచ్చి, కొంతె వెర్దె, కొంతె రొస్సొ, కొంతె బియాంకమానొ, విక్టోరియా వంటి ఓడలలో షాంఘై చేరారు. ఇక్కడ ఒక వైచిత్రి గమనింపదగినది. అప్పటి ఇటలీని ముస్సోలినీ పాలిస్తున్నాడు. 1938లో ఆ దేశం కూడా యూదులకు వ్యతిరేకంగా చట్టాలు చేసింది. అయినా ఆ దేశపు ఓడలే శరణార్థులను ఒడ్డుకు చేర్చాయి. సంస్థ టిక్కెట్లు అమ్ముకున్నదే గాని ధర్మకార్యంగా ఆ పని తలపెట్టలేదు. ఐనప్పటికీ టిక్కెట్టు దొరికినవారికి అది మహోపకారమే అయింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో ప్రవేశించగానే ఆ దారి మూసుకుపోయింది.

ప్రయాణికుల ఓడలు సైనికుల ఓడలయ్యాయి. 1941 మే నెలలో సైనికులతో వెళుతున్న కొంతె రొస్సొను బ్రిటిష్ జలాంతర్గామి ముంచివేసింది. దాదాపు 1,300 మంది మరణించారు. 1942 జనవరిలో విక్టోరియా మునిగింది. షాంఘైలో చిక్కుకుపోయిన కొంతె వెర్దెను, 1943లో ఇటలీ లొంగిపోయిన వార్త తెలియగానే, జపానువారికి దక్కనీయరాదని దాని నావికులే ముంచివేశారు.

యుద్ధానంతరం సంస్థ మళ్ళీ తలెత్తింది. ట్రియెస్టె ఏ దేశానికి చెందాలో 1954 వరకు తేలలేదు. అయినా అక్కడి నౌకా నిర్మాణశాలలు పని ఆపలేదు. 1951, 1953 సంవత్సరాల మధ్య కొత్త ఓడలు వరుసగా నీటిలోకి వచ్చాయి. వాటిలో ‘ఆసియా’, రెండవ ‘విక్టోరియా’ బొంబాయి మీదుగా హాంకాంగ్ వరకు నడిచేవి. 1963లో ‘గెలీలియో గెలీలీ’, ‘గుల్యేల్మొ మార్కోని’ అనే పెద్ద ఓడలు ఆస్ట్రేలియా దారిన నడవసాగాయి. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఎన్నో ఇటాలియన్ కుటుంబాలు ఆ దారిన వలస వెళ్ళాయి.

కాని కాలం ఎదురుతిరిగింది. వారాల ప్రయాణాన్ని విమానం గంటలలోకి కుదించింది. 1967 నుండి 1975 వరకు సూయెజ్ కాలువ మూతపడింది. 1973లో చమురు ధర ఆకాశాన్నంటింది. 1970లలోనే ప్రయాణికుల సేవలు ముగిశాయి. సంస్థ సరకుల కంటైనర్ల రవాణాకు పరిమితమైంది. 1998లో తైవానుకు చెందిన ఎవర్‌గ్రీన్ సంస్థ దానిని కొన్నది. 2006లో దాని పేరు ‘ఇటాలియా మారిత్తిమా’గా మారింది.

రెండవ విక్టోరియా కథ మాత్రం అంతటితో ముగియలేదు. 1978లో ఒక సేవాసంస్థ దానిని కొని, ‘అనస్తాసిస్’ అని పేరు పెట్టి, నీటిమీది ఆసుపత్రిగా మలచింది. గ్రీకు భాషలో ఆ మాటకు ‘పునరుత్థానం’ అని అర్థం. ఆఫ్రికా రేవులలో ఎందరో పేదలకు ఆ ఓడలో శస్త్రచికిత్సలు జరిగాయి. 2007లో గుజరాత్ తీరంలోని అలంగ్‌లో దానిని విడగొట్టారు. ఒకనాడు బొంబాయికి ప్రయాణికులను చేరవేసిన ఓడ చివరకు భారత తీరంలోనే కన్నుమూసింది.

సంస్థ పేర్లు మారాయి, జెండాలు మారాయి, ఓడలు మునిగాయి, ఇనుప తునకలయ్యాయి. ఒక విద్యార్థి గణితం, ఒక నాయకుని తెగువ, ఒక శరణార్థి ప్రాణం మాత్రం ఒడ్డుకు చేరాయి. ప్రయాణ సాధనం విలువ దాని వేగంలోనో వైభవంలోనో లేదు. అది ఎవరిని ఏ తీరానికి చేర్చిందో అందులోనే ఉంది.

కఠిన పదాలకు అర్థాలు

నిర్వాసితుడు = నివాసం కోల్పోయినవాడు
సుంకం = పన్ను
అవధి = హద్దు
శ్వేత కుబ్జం = ఇంధనం తరిగి కుంచించుకుపోయిన తెల్లని నక్షత్రం
వైచిత్రి = వింత
తెగువ = సాహసం

సంధులు

శరణార్థులు = శరణ + అర్థులు – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి

ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్న
1. లాయిడ్ ట్రియెస్టీనో ఓడలకు భారతదేశ చరిత్రతో గల సంబంధాన్ని వివరించండి.

ఆ) సంగ్రహరూప ప్రశ్నలు
1. సూయెజ్ కాలువ వలన సంస్థకు కలిగిన ప్రయోజనమేమి?
2. యూదుల ప్రయాణంలో రచయిత గుర్తించిన వైచిత్రి ఏది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి
1. “ఓడల మీది జెండా మారినా అవి నడిచే దారులు మాత్రం మారలేదు.”

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఆస్ట్రియన్ లాయిడ్ ఏ సంవత్సరంలో స్థాపితమైంది?
2. గాంధీజీ 1931లో ఏ ఓడలో స్వదేశానికి తిరిగివచ్చారు?
3. ‘అనస్తాసిస్’ అనగా అర్థమేమి?